మౌల్వీసాబ్ ఇంట్లో బర్రె

మా సారపాక జహీరుద్దీన్ మౌల్వీసాబ్ ఏ వస్తువైనా ముందు తన ఇంట్లో పెట్టుకోకుండా ఎవరికీ అమ్మడు.

మౌల్వీకి అమ్మకాలేంటని నేనూ అడిగాను.

"వడ్డీకి అప్పు తేవద్దని చెప్పి నేను ఇంటికి పోతే ఎట్ల? మరేం చెయ్యాల్నో గూడ చెప్పాలె గద" అన్నాడు.

అది తేల్చుకోవడానికి మతగ్రంథాల పక్కనే వ్యాపారం పుస్తకాలు పెట్టుకుని చదివాడు. ఆయన ప్రశ్నలకు తట్టుకోలేక బ్యాంకు మేనేజరు బదిలీ పెట్టుకున్నాడని ఊరంతా చెప్పుకుంటారు. మొదట చెప్పింది నేనే.

చివరికి పట్టుకున్న దారి ఇది. అవసరమున్నవాళ్ల కోసం వస్తువు తనే కొంటాడు. తన లాభమెంతో ముఖం మీదే చెప్పి, వాయిదాల మీద అమ్ముతాడు. కానీ ముందు అది తన చేతికి రావాలి, లేకుంటే ఆ లాభం కూడా వడ్డీ కిందికే వస్తుందంటాడు. అంతోనయ్యకు ఆటో ఇచ్చేముందు, బండి నడపడం రాని ఈ మనిషి మధ్యాహ్నమంతా అందులో కూర్చుని హారన్ కొట్టాడు.

"ఇప్పుడు నాదైంది. ఇగ అమ్ముత" అన్నాడు. అప్పటికి సగం బజారుకు చెవుడొచ్చింది.

తర్వాత విశ్రాంతమ్మ వంతు. ఊళ్లోని పేపరు మిల్లు క్వార్టర్లకు పాలు పోస్తుంది. ఆమె బర్రె ఒట్టిపోయింది. మౌల్వీసాబ్ వేంసూరు నుంచి పాడిబర్రెను కొనుక్కొచ్చి తన వాకిట్లో కట్టేశాడు. ఎన్నాళ్లయినా తాడు విప్పడు.

"సాబ్, పాలు పోయించుకునేటోళ్లు ప్యాకెట్లకు పోతున్నరు. బర్రెనిస్తరా, ముద్దు చేస్కుంట కూసుంటరా?"

"అది ఇంకా నాదే చెల్లె. జర ఆగు."

నేను ఊరుకుంటానా? గోడ మీదుగా తొంగిచూశాను. గొడ్ల డాక్టర్ సూది వేస్తున్నాడు. మౌల్వీసాబ్ బర్రె మెడ పట్టుకుని, తన్నులు తింటున్నాడు.

"దారిల జ్వరం పట్టింది. ఆమెకు చెప్పకు" అన్నాడు.

"ఎందుకు సాబ్?"

"పాలోళ్లు పోతరన్న భయంతోటి జబ్బు బర్రెనే అడుగుతది. నా కాడ సస్తే నష్టం నాది. అమ్మినంక సస్తే ఆమెది."

ఇంట్లో పెట్టుకోవడమంటే ఇదా అని నాకప్పుడు తెలిసింది.

బర్రె లేచి కడుపునిండా మేశాక, జ్వరం సంగతంతా విశ్రాంతమ్మకు చెప్పి, ముందనుకున్న ధరకే అమ్మాడు.

"డాక్టర్ ఖర్చు కలపలేదేంది?" అందామె.

"నా బర్రెకు జ్వరమొస్తే నువ్వెందుకు కడ్తవ్?"

పాలు పోయించుకునేవాళ్లు చాలామంది తిరిగొచ్చారు. బర్రె మాత్రం మేతనుంచి నేరుగా మౌల్వీసాబ్ వాకిట్లోకే వస్తుంది. విశ్రాంతమ్మ తాడు పట్టుకుని వచ్చేసరికి ఆయన గడ్డి వేస్తుంటాడు.

"గడ్డిల మీ లాభమెంతో ముఖం మీదే చెప్పుండ్రి సాబ్" అంటుంది.

"గిది బ్యాపారం గాదు చెల్లె. సుట్టం వచ్చింది."