అమావాస్యనాటి గీత

పిడుగురాళ్లలో మా ఇంటి వెనకగదిలో ఒక మిషన్ ఉండేది. నేల అదిరితే కంప్యూటర్ మీద గీత ఎగిరిపడేది. దాన్ని పెట్టించింది రిటైరైన ఒక మేడం. భూమి కడుపులో ఏముందో తెలుసుకోవాలని మా వైపునుంచి చదువుకు వెళ్లిన మొదటి ఆడమనిషి. "ఆడపిల్లవి, నువ్వేం కొండలెక్కుతావు?" అన్న మగవాళ్లకన్నా ఎక్కువ కొండలే ఎక్కారు. ఇక్కడ నేల అడుగున కదలిక ఉందని ఆవిడ నమ్మకం. క్వారీ పేలుళ్లు చూసి భ్రమపడుతోందని తోటివాళ్లు నవ్వేవాళ్లు. క్వారీది కాని అదురు ఒక్కటి దొరికితే చాలు, వాళ్ల నోళ్లు మూతపడతాయి.

నా పని చిన్నదే. క్వారీలో పేల్చినప్పుడల్లా టైము పుస్తకంలో రాయాలి. వాళ్లెప్పుడూ మధ్యాహ్నం ఒంటిగంటకే పేలుస్తారు. దానికోసం రోజూ చెవులు రిక్కించుకుని కూర్చోవడానికి నాకింకేం పనిలేదా? వారం మొత్తానికీ సోమవారమే రాసిపడేసి, ఏ రోజు పేజీ ఆ రోజు ఫోటో తీసి మేడంకి పంపేదాన్ని. ఏం కొంప మునుగుతుందిలే అనుకున్నాను. మునిగింది.

ఒకరోజు ఒంటిగంటకు గిన్నెలు గలగలమన్నాయి. పేల్చారనుకుని ఆ రోజు పేజీ పంపేసి కునుకు తీశాను. సాయంత్రం చూస్తే, పక్కింటి లారీ డ్రైవరు బండి ముందు గుమ్మడికాయ కొడుతున్నాడు.

"ఏందిరా, ఇయ్యాల లోడుకు పోలా?"

"యాడికి పోయేది అక్కా! అమాస గదా, క్వారీ బందు."

మరి ఒంటిగంటకు అదిరింది క్వారీ కాదన్నమాట. అమావాస్యనాడు మా దగ్గర ఎవరూ రాయి పేల్చరు. ఇక్కడే పుట్టి పెరిగినదాన్ని, అది మరిచిపోయి ఆ రోజుకీ ఒంటిగంటని రాసి పంపేశాను.

ఫోన్ చేసి చెప్పేస్తే పోయేది. చెప్పలేదు. నా అంత నమ్మకస్తురాలు లేదని మేడం పదిమందికీ చెప్పుకునేవారు. ఆ పేరు పోతుందని భయం. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదామని నెలలు నెట్టాను. ఇప్పటికీ గిన్నె కదిలితే, నేల అడుగునుంచి ఎవరో నన్ను పేరుపెట్టి పిలుస్తున్నట్టుంటుంది.

మేడం మంచాన పడ్డారని తెలిసి నరసరావుపేట వెళ్లాను. చెప్పి తీరాలనే వెళ్లాను. బక్కచిక్కిపోయారు. నా చెయ్యి పట్టుకున్నారు.

"ఒక్కరోజు చానా ఆశ పెట్టిందమ్మాయ్. ఒంటిగంటప్పుడు అదిరింది. ఇన్నేళ్లకి దొరికిందనుకున్నా. నీ పుస్తకం చూస్తే క్వారీదే. కొట్టేశా. నువ్వే లేకపోతే అబద్ధం రాసి పోయేదాన్ని."

నోరు తెరిచాను.

"కొంచెం జావ తాగుతారా మేడం?" అన్నాను.

ఆ వారంలోనే పోయారు.