బండి విప్పిన శుక్రవారం

ఆ రోజుల్లో మోటారు సైకిలు ఉండడం ఒక గొప్ప, దాన్ని చేత్తో ముట్టుకోకపోవడం అంతకంటే పెద్ద గొప్ప. నిజాం సర్కారులో నౌకరీ చేసే మనిషి చేతిలో పానా (అదే, నట్లు విప్పే స్పానరు) కనబడితే ఇజ్జత్ పోయినట్టే లెక్క. కొత్తగా ఓవర్సీరునై కామారెడ్డికి వచ్చిన నాకు ఇరవై మూడేండ్ల వయసులో ఆ ఇజ్జత్ అవసరానికి మించి ఉండేది. ఎవరో ఇంగ్లీషు దొర దేశం విడిచి పోతూ అమ్మిన బండిని మా బాపు నాకు కొనిచ్చాడు. అది ఎప్పుడు దగ్గినా, ఎప్పుడు మొరాయించినా స్టేషను దగ్గరి బియ్యం మిల్లులో ఇంజను చూసే మిస్త్రీ చాచా దగ్గరికి తోయించుకు పోయేవాణ్ణి. తోసేది మా ఆఫీసు జవాను. నేను వెనకాల చేతులు కట్టుకొని, బండికీ నాకూ ఏ సంబంధమూ లేనట్టు నడిచేవాణ్ణి.

మిస్త్రీ చాచాకు ఒక పద్ధతి ఉండేది. బండి విప్పే ముందు రెండు గుంజలకు గోనెపట్టా అడ్డం కట్టేవాడు. లోపల ఏం చేస్తున్నాడో బండి యజమానికి కూడా కనబడకూడదు. "కుర్సీల కూసోండ్రి సాబ్, చాయ్ తెప్పిస్త. నలుగురు చూస్తె నేర్చిన ఇల్మ్ పోతది," అనేవాడు. నేను సంతోషంగా కూర్చునేవాణ్ణి. పట్టా వెనక టింగు టింగుమని చప్పుడు, ఇవతల నాకు చాయ్. ఇంతకంటే సుఖమైన రిపేరు లోకంలో ఉండదనుకునేవాణ్ణి.

ఆ సుఖాన్ని చెడగొట్టినవాడు ఎల్లారెడ్డి పశువుల డాక్టరు. ఆ దిక్కున నాది కాక ఉన్న మోటారు సైకిలు అతనిదొక్కటే. గాంధారి తండాల్లో ఏ బర్రెకు జబ్బు చేసినా దానిమీదే పోయేవాడు. ఇంటి ముందు పాత ధోవతి పరిచి, పట్టపగలు, ఊరందరి ముందూ బండిని విప్పి మళ్ళీ బిగించేవాడు. ఒంటి నిండా మసి. అతని మొహంలో సిగ్గన్నది లేదు. చేసుకుంటే చేసుకోనీ, నాకేం పోయింది అనుకునేవాణ్ణే. కాని మా మేనమామది అదే ఊరు, అదే వాడ. మామకు ఒక్కతే బిడ్డ. ఆమెను నాకే ఇస్తారని మా అమ్మ నా చిన్నప్పటి నుంచీ అంటుండేది. ఆ డాక్టరేమో మా అత్తకు అన్న కొడుకు. అంటే మరదలు నన్ను బావా అన్నట్టే అతన్నీ బావా అనేది. ఆ మాట విన్నప్పుడల్లా నా కడుపులో ఎవరో మిరపకాయలు నూరినట్టుండేది.

మామ ఆ మంటకు ఇంకా కట్టెలు ఎగదోశాడు. "డాక్టరును చూసినవా అల్లుడా? తన బండి తనే చేసుకుంటడు. నువ్వు ఓవర్సీరువైతివి గని, నీ బండి కడుపుల ఏమున్నదో నీకు ఎర్కనా? చేతికి మసి అంటనోనికి సంసారం ఏమంటుతది?" అన్నాడు ఒకనాడు, అందరూ వినేటట్టు. మరదలు తలుపు చాటున కిసుక్కున నవ్వింది. ఆ నవ్వుతోనే నేను కామారెడ్డి దాకా వచ్చాను. బండి చప్పుడు కూడా నాకు వినబడలేదు.

మరునాడే చాచాను నాకూ కొంచెం నేర్పమన్నాను. "మీకెందుకు సాబ్ గీ మసి పని? పెద్దోళ్లు గిట్ల అడిగితె మేం బతికేదెట్ల?" అని పట్టా కట్టేశాడు. సిగ్గు విడిచి చెబుతున్నాను, గోనెపట్టా చిరుగులోంచి తొంగి చూశాను. చాచా కార్బురేటరు పక్క చిన్న డబ్బీని విప్పి, అందులోంచి ఇత్తడి బుడ్డి ఒకటి తీసి, గొట్టంలోకి ఉఫ్ అని ఊది, మళ్ళీ పెట్టేశాడు. బండి గర్జించింది. ఓహో, ఈ ఊదడానికేనా ఇన్నాళ్ళూ పరదా అనుకున్నాను.

ఆ శుక్రవారం సెలవు. (నిజాం సర్కారులో వారం సెలవు ఆదివారం కాదు, శుక్రవారమే.) ఇస్త్రీ కోటు వేసుకొని ఎల్లారెడ్డి పోయి, సరిగ్గా మామ ఇంటి ముందు నేనే బండి ఆపేశాను. "ఏమో మామా, ఇంజను గొంతు మారింది. విప్పి చూడాలె," అన్నాను, రోజూ విప్పేవాడిలాగ. (ఇంజనుకు ఏ జబ్బూ లేదు. జబ్బంతా నాదే.) మామ చుట్ట పట్టుకొని అరుగు మీదికొచ్చాడు. వాడకట్టు వాళ్ళు చేరారు. మరదలు గడపలో నిలబడింది. నేను కోటు చేతులు మడిచి, డబ్బీ విప్పి, బుడ్డి తీసి, ఇద్దరు చాచాలకు సరిపోయేంత బలంగా ఊదాను. అంతా మళ్ళీ బిగించి పెట్రోలు వదిలితే అది డబ్బీలోంచి బొటబొటా నేల మీదికి కారసాగింది. మామ గబుక్కున చుట్ట ఆర్పుకొని రెండడుగులు వెనక్కి పోయాడు. అంతలో మరదలు గడప దిగి వచ్చి, వంగి నేల మీది నుంచి ఏదో ఏరి నా చేతిలో పెట్టి, మెల్లగా, "బావా, గిదొక్కటి మిగిలింది," అంది. గోరంత ఇత్తడి ముక్క. అది ఎక్కడిదో నాకు తెలిస్తే గద.

"డాక్టరు తాన ఒక పనిముట్టు ఉంటది, తెచ్చుకుంట," అని అబద్ధమాడి, బండిని నేనే తోసుకుంటూ వాడ చివరికి పోయాను. డాక్టరు డబ్బీ విప్పి చూడగానే, "బుడ్డిని తలకిందులు పెట్టిండ్రు సాబ్," అన్నాడు. నవ్వలేదు. నవ్వి ఉంటే కొంత హాయిగా ఉండేది. ఆ ముక్కను దాని చోట పెట్టి, అయిదు నిమిషాల్లో అంతా బిగించేశాడు. నేను కోటు సర్దుకుంటూ పక్కన నిలబడ్డాను. చేతులు తుడుచుకుంటూ, "మీ బతుకే మంచిగున్నది," అన్నాడు. "గీడ మిస్త్రీ ఏడున్నడు? కామారెడ్డి దాకా ఇరవై మైళ్లు తోసుకపోలేక నేర్చుకున్న. మీ లెక్క బండి అప్పజెప్పి కుర్సీల కూసొని చాయ్ తాగాల్నని నాకెంత ఉంటదో."

నేను కుళ్ళుకుంటున్న మనిషి నా కుర్చీని చూసి కుళ్ళుకుంటున్నాడా? ఇద్దరం కలిసి వెనక్కి వచ్చాం. బండి చక్కగా నడుస్తుండడం చూసి మామ, "ఎవలు చేసిండ్రు?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే డాక్టరు, "ఓవర్సీరు సాబే చేసుకున్నడు మామా, నేను పానా ఇచ్చిన అంతే," అన్నాడు. నేను కాదనలేదు. ఆ మాటకే మామ మనసు మారింది, ఆ ఎండాకాలమే మా పెండ్లయింది. పెండ్లిలో డాక్టరు అందరికంటే ఎక్కువ తిరిగి వడ్డించాడు. మంచితనంలో కూడా నన్ను మించిపోయాడే అని పీటల మీద కూర్చొని కూడా నేను లోపల ఉడికిపోయాను.

ఆ డాక్టరు పోయిన కబురు కిందటేడు వచ్చింది. ఇంకా దాచడం ఎందుకని మా ఆవిడకు అసలు సంగతి చెప్పేశాను. ఆమె కళ్ళు తుడుచుకుంటూ, "నాకు ఆనాడే ఎర్కనే బావా. మసి ఆయన చేతులకుండె, నీ చేతులు తెల్లగుండె," అంది.

"మరి నన్నెందుకు చేసుకున్నవ్?" అన్నాను.

"ఆయన అడగలె గద," అంది, నవ్వుతూనే.

నేనూ నవ్వాను. నవ్వుతూనే, డెబ్బై దాటిన ఈ వయసులో, నా పెండ్లి కుదిర్చి పోయిన ఆ మంచి మనిషి మీద మళ్ళీ ఒకసారి కుళ్ళుకున్నాను.