అమ్మగారు కుదురుగా కూర్చోని వేసవి

పోయిన మంగళవారం ఆఫీస్‌లో ఉండగా ఫోన్ వచ్చింది. అమ్మగారు ఆ ఉదయం కన్నుమూశారని మా చర్చి పెద్ద ఒకాయన చెప్పారు. ఫోన్ పెట్టేశాక పని మీద మనసు నిలవలేదు. ఊరికే మెట్లెక్కి దిగుతూ ఉండిపోయాను.

అమ్మగారంటే మా తెలుగు చర్చి పాస్టరుగారి భార్య. కోస్తా నుంచి వచ్చిన మాకు పాస్టరు అయ్యగారు, ఆయన భార్య అమ్మగారు. ఆమె షికాగోలో ఒక ఆసుపత్రిలో నర్సు. కారు నడపడం నేర్చుకోలేదు. షికాగో శివారు నేపర్‌విల్‌లో మా అపార్ట్‌మెంట్లు దగ్గరదగ్గరే కావడంతో, ఆమెను ఎక్కడికైనా తీసుకెళ్లే పని నాకు పడింది. ఆ పని నాకెంతో ఇచ్చింది.

డెబ్బై తొమ్మిదిలో ఈజిప్టు, ఇజ్రాయెల్ శాంతి ఒప్పందం మీద సంతకాలు చేస్తుంటే చర్చివాళ్లమంతా టీవీ ముందు చేరి చప్పట్లు కొట్టాం. అమ్మగారు మాత్రం నిలబడే చూశారు. “బానే ఉందమ్మా. ఇళ్లు పోయినవాళ్లు ఏరీ అక్కడ?” అన్నారు.

ఆ ప్రశ్న ఆమెకు ఊరికే రాలేదు. ఆసుపత్రిలో ఆమె పై నర్సు యూదు మహిళ. యూరప్‌లో అయినవాళ్లను పోగొట్టుకున్న కుటుంబం, నగరానికి ఉత్తరాన స్కోకీలో ఇల్లు. అమ్మగారు పప్పులు, మసాలాలు కొనే, నగరానికి దక్షిణాన ఉన్న బ్రిడ్జ్‌వ్యూ దుకాణం ఒక పాలస్తీనా ఆయనది. చిన్నప్పుడే ఊరు విడిచి పారిపోయి వచ్చినవాడు. నెలకోసారి అమ్మగారు ఇద్దరినీ భోజనానికి పిలిచేవారు. పులుసన్నం చల్లారిపోయేదాకా వాళ్లు వాదించుకునేవారు.

“ముందు మీవాళ్లు మమ్మల్ని ఒక జనమని ఒప్పుకోవాలి,” అనేవాడు ఆయన.

“ముందు మీవాళ్లు మమ్మల్ని బతకనిస్తామని చెప్పాలి,” అనేది ఆవిడ.

“ఇద్దరూ ముందు నువ్వంటే నువ్వంటే ఎట్లాగండీ? ఒక్కసారే చెప్పెయ్యండి,” అనేవారు అమ్మగారు, తన తెలుగు యాస ఇంగ్లీషులో. ఇద్దరూ నవ్వేవారు. మళ్లీ మొదలుపెట్టేవారు.

ఎనభై రెండు వేసవిలో ఇజ్రాయెల్ లెబనాన్ మీద యుద్ధానికి వెళ్లింది. నర్సు కొడుకు అప్పటికే ఇజ్రాయెల్ వెళ్లి సైన్యంలో ఉన్నాడు. దుకాణం ఆయన చెల్లెలు బేరూట్ దగ్గర పాలస్తీనా శరణార్థుల శిబిరంలో పిల్లలతో ఉంది. భోజనాలు ఆగిపోయాయి. ఆవిడ దుకాణం పేరెత్తితే లేచి వెళ్లిపోయేది. ఆయన మాకు సామాను కట్టిచ్చి, లోపలికి వెళ్లిపోయేవాడు.

ఆ వేసవంతా అమ్మగారికి కుదురు లేదు. నిలబడే తినేవారు. వార్తలు వస్తుంటే తుడిచిన వంటింటి గట్టునే మళ్లీ తుడిచేవారు. డ్యూటీ లేనప్పుడల్లా “కారు తియ్యమ్మా” అనేవారు. స్కోకీ వెళ్లేవాళ్లం, అక్కడి నుంచి బ్రిడ్జ్‌వ్యూ.

“అమ్మగారూ, మనం వెళ్లి ఏం చేస్తామండీ? వాళ్లు మాట్లాడరు కదా,” అన్నాను ఒకసారి, హైవే మీద ట్రాఫిక్‌లో విసుగొచ్చి.

“మాట్లాడేరోజు మనం లేకపోతే ఎట్లా? డ్రైవ్ చెయ్యి.”

మా చర్చిలోనూ గొణుగుడు మొదలైంది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి పెద్ద ఆమె దగ్గరికొచ్చాడు. “అమ్మగారూ, మనవాళ్లు డిస్టర్బ్ అవుతున్నారండి. ఇశ్రాయేలు దేవుడు ఏర్పరచుకున్న జనం. మనకెందుకండీ ఈ పాలిటిక్స్?”

“ఆ జనానికి పక్కింటివాళ్లని ఎవరిచ్చారు బాబూ?” అన్నారు అమ్మగారు. రెండు కుటుంబాలు వేరే చర్చికి వెళ్లిపోయాయి. ఆమె బాధపడ్డారు గాని, బ్రిడ్జ్‌వ్యూ వెళ్లడం మానలేదు.

సెప్టెంబరులో, ఇజ్రాయెల్ సైన్యం చుట్టుముట్టిన బేరూట్ శిబిరాల్లో లెబనాన్ సాయుధ ముఠాలు జనాన్ని చంపేశాయన్న వార్త వచ్చింది. మర్నాడు నర్సు తనే అమ్మగారికి ఫోన్ చేసింది. “నన్ను అక్కడికి తీసుకెళ్లండి,” అంది. ముగ్గురం నా కారులో బయల్దేరాం.

దుకాణంలో ఆయన బియ్యం తూస్తున్నాడు. ఆవిడను చూసి చెయ్యి ఆగింది. ఖాళీ పెట్టె ఒకటి తిరగేసి ముందుకు తోశాడు. ఆవిడ కూర్చుంది. “మీ చెల్లెలు?” అని అడిగింది.

“తెలియదు.”

బేరానికి వచ్చినవాళ్లు వచ్చి వెళ్తున్నారు. ఆవిడ కదల్లేదు. చాలాసేపటికి ఆయన, అటు తిరిగే, “మీ అబ్బాయి ఎలా ఉన్నాడు?” అన్నాడు. ఆవిడ ఏడ్చింది. అమ్మగారు బయటికి వచ్చి, దుకాణం ముందు ఆ చివరికీ ఈ చివరికీ నడుస్తూనే ఉన్నారు.

తర్వాత తెలిసింది, చెల్లెలు బతికింది. ఆమె పెద్దకొడుకు లేడు. నర్సు కొడుకు క్షేమంగా తిరిగొచ్చాడు. ఆ తేడా వాళ్లిద్దరి మధ్య అలాగే ఉండిపోయింది. అయినా భోజనాలు మళ్లీ మొదలయ్యాయి. ఎనభై ఏడు చివర అక్కడ సైన్యం మీద రాళ్లు, పాలస్తీనా కుర్రాళ్ల మీద తూటాలు మొదలైన ఈ రెండేళ్లలోనూ ఆగలేదు. “శాంతి వచ్చాక స్నేహం చేద్దామంటే ఎవరు మిగులుతారమ్మా?” అనేవారు అమ్మగారు.

శనివారం సమాధి కార్యక్రమానికి ఇద్దరూ వేర్వేరు కార్లలో వచ్చారు. అందరూ వెళ్లిపోయినా పార్కింగ్‌లో వాళ్లు మిగిలారు. “మరి జెరూసలేం?” అంటున్నాడు ఆయన. “ఇద్దరిదీ. కానీ ఎట్లా?” అంటోంది ఆవిడ. మంచు పడటం మొదలైంది. రెండు కార్ల తలుపులూ తెరిచే ఉన్నాయి. సీట్లు తెల్లబడుతున్నాయి. వాళ్లు ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నారు.