వంటగట్టు ఎత్తు

తాడేపల్లిగూడెంలో ఇల్లు కట్టడం మొదలుపెట్టినప్పటి నుంచీ మా ఆవిడ మాటలు మారిపోయాయి. ఉంగుటూరులో ముప్పై ఏళ్ళు అటక అన్నదాన్ని లాఫ్ట్ అంది. గోడ బీరువా వార్డ్‌రోబ్ అయింది. గోడ అడుగున వేసే పలకల వరసకి కూడా ఒక పేరుందట, స్కర్టింగ్. పొయ్యి వెనక గోడకి అతికించే టైల్స్ బ్యాక్‌స్ప్లాష్. ఫోన్లో వీడియోలు చూసి బట్టీ పట్టి, అన్నం వడ్డిస్తూ నాకు అప్పజెప్పేది.

నాకు ఒళ్ళు మండేది. "లాఫ్ట్ అంటే ఇంకో రెండు గంగాళాలు ఎక్కువ పడతాయా?" అనేవాణ్ణి.

"పడవండీ. కానీ ఆ డిజైనర్ అమ్మాయి ముందు నోరు తెరిచి అడగాలి కదా. ఇన్నాళ్ళూ మీ అమ్మగారి వంటింట్లో వండాను. ఈ ఒక్కటీ నాకు నచ్చినట్టు కట్టించుకోనివ్వండి," అంది ఒకరోజు.

వంటగట్టుకి కొలత ఇవ్వాలి, గూడెం తీసుకెళ్ళమని మూడుసార్లు అడిగింది. కోతలయ్యాక చూద్దాం అన్నాను. కోతలు కాకుండానే ఒక పొద్దున గుండెపోటు వచ్చింది. ఏలూరు ఆసుపత్రికి చేరేలోపే పోయింది. ఒక్కరోజు కోత ఆపి ఉంటే నాలుగు గింజలు రాలేవి, అంతేగా. నన్ను నేను తిట్టుకోని రోజు లేదు.

ఆర్నెల్లు ఆ ఇంటి ముఖం చూడలేదు. చివరికి వడ్రంగి పోరు పడలేక వెళ్ళాను. డిజైనర్ అమ్మాయి ఒక్కో గదీ చూపిస్తూ పేర్లు చెబుతోంది. ఒక్కటీ నాకు కొత్త కాదు. వెటకారం చేస్తూనే అన్నీ నేర్చేసుకున్నానన్నమాట. ఆ సంగతి చెబుదామంటే వినే మనిషి లేదు.

వంటింట్లో ఆ అమ్మాయి ఆగింది. "అన్నీ పిన్నిగారు చెప్పినట్టే చేయించామండీ. గట్టు ఎత్తు ఒక్కటే ఆగిపోయింది. వండేవాళ్ళ మోచేతిని బట్టి పెట్టాలండీ, లేకపోతే నడుం పట్టేస్తుంది," అని సంచిలోంచి టేపు తీసింది. "వంట ఎవరు చేస్తారండీ?"

"మా ఆవిడే," అన్నాను అలవాటుగా.

ఆ అమ్మాయి తల దించుకుంది. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేకపోయాను. కాసేపయ్యాక కండువాతో ముఖం తుడుచుకుని, మోచెయ్యి మడిచి ఆమె ముందు నిలబడ్డాను.

"కాస్త నిటారుగా నిలబడండి బాబాయిగారూ," అంది.