యాదగిరి చెప్పగా రాసిన కార్డులు

1961 జూన్‌లో నల్లగొండలోని ఒక కళాశాలలో గ్రంథపాలకుడిగా చేరాను. హైదరాబాదులో గ్రంథాలయ శాస్త్రం డిప్లొమా చేసి వచ్చినవాణ్ణి. అప్పటిదాకా అక్కడి పుస్తకాల వివరాలన్నీ కొన్న వరుసలో ఒకే లావుపాటి రిజిస్టరులో ఉండేవి. వాటిని కార్డులకు మార్చడం నా పని. ప్రతి పుస్తకానికీ రచయిత పేరుతో ఒక కార్డు, విషయం పేరుతో ఒక కార్డు రాసి, అకారాది క్రమంలో సొరుగుల్లో అమర్చాలి. ఏడాది పట్టింది.

అంతా అయ్యాక కూడా విద్యార్థులు అటెండర్ యాదగిరి దగ్గరికే పోయేవారు. అతను ఉర్దూలో నాలుగో తరగతి దాకా చదివాడు. ఏ పుస్తకం ఏ అలమారాలో ఉందో కూర్చున్నచోటినుంచే చెప్పేవాడు. వాళ్లు నా బల్ల దాటి అతని దగ్గరికి నడిచిపోతుంటే నాకు ఒళ్లు మండేది. అతను కౌంటర్ దగ్గరుంటే కొత్త పద్ధతి ఎవరికీ అలవాటు కాదని ప్రిన్సిపాల్‌కు నోట్ పెట్టి, వెనక బైండింగ్ గదికి పంపించాను.

ఆ వానాకాలం దేవరకొండ వైపు విద్యార్థి ఒకడు వచ్చి, "సార్, చౌడు భూమి మీద పుస్తకం ఉన్నదా? మా బాపు చేను సగం చౌడు పట్టింది" అన్నాడు. సొరుగులో ‘చౌడు’ లేదు. పుస్తకం లేదని చెప్పాను. కాసేపటికి ఆ కుర్రాడు బైండింగ్ గదిలోంచి పుస్తకంతో బయటికొచ్చాడు. దాని కార్డు ‘మృత్తికాశాస్త్రం’ అని నేనే రాశాను.

యాదగిరిని పిలిచి, నన్నడగకుండా ఎందుకు చూపించావన్నాను.

"పిలగాడు ఉత్తచేతులతోటి పోతుండె సార్. మీ డబ్బల ఎతకాలంటే ముందుగాల గా పేరు తెల్వాలె గద. మేం చౌడును చౌడనే అంటం."

రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. మూడో రోజు నా పక్కన కుర్చీ వేయించాను. విద్యార్థులు దేన్ని ఏమని అడుగుతారో అతను చెబుతుంటే, నేను ‘చూడుము’ కార్డులు రాశాను. ‘చౌడు’ తీస్తే ‘మృత్తికాశాస్త్రం చూడుము’ అని దారి చూపే కార్డులవి. మెల్లగా విద్యార్థులు సొరుగులు తెరవసాగారు.

మరుసటి ఏడు తనిఖీకి వచ్చిన అధికారి వాటిని మెచ్చుకుని, ఈ ఆలోచన ఎవరిదన్నాడు. యాదగిరి పక్కనే నిలబడి ఉన్నాడు. నాదేనన్నాను. అధికారి వెళ్లాక యాదగిరి, "ఇంక ‘బ’ సొరుగు మిగిలింది సార్, రేపు జేద్దమా?" అన్నాడు.

పాఠకుడు అడిగే మాట సూచికలో ఉండాలి. నా కింద పనిచేసిన వాళ్లందరికీ ఇదే నేర్పాను. ఎవరి దగ్గర నేర్చుకున్నానో మాత్రం, ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఒక్కరికీ చెప్పలేదు.