పాజ్‌బాబు

మా రమణబాబు జన్మలో ఏదీ ఆపడు. పాజ్ చేస్తాడు.

హుగ్లీ నది ఒడ్డున, వాట్‌గంజ్ ఓడల డాక్ పక్క సందుల్లో ఉండే శ్రీకాకుళం వాళ్లందరికీ వాడు పాజ్‌బాబు. ఆ పేరు పెట్టింది ఈ ఢిల్లీశ్వరరావే. ఇలాంటి ఘనకార్యాలు నా ఖాతాలో ఇంకా చాలా ఉన్నాయి. తొమ్మిదో తరగతిలో నేను చదువు మానేసినప్పుడు హెడ్మాస్టరు నా రెండు చేతులూ పట్టుకుని బతిమాలాడు, మళ్లీ రావద్దని.

రమణబాబు జబ్బుకి మూలం ఒక పసుపు క్యాసెట్. వాళ్ల నాన్న హౌరా స్టేషన్ బయట కొన్న వీడియో గేమ్‌తో పాటు వచ్చింది. ఇద్దరు బుల్లి సిపాయిలు గోతులు దూకి, తాళ్ల వంతెన దాటి, చివర్లో నిప్పులు కక్కే కోటని కూల్చాలి. కరెంటు పోయిందా, మళ్లీ మొదటి స్టేజీ నుంచి మొదలు. అందుకే వాడు మధ్యలో లేవాల్సొస్తే ఆట ఆపేవాడు కాదు, పాజ్ నొక్కి టీవీ వెలుగుతూనే ఉంచేవాడు. మా చిన్నతనంలో కరెంటు ఉండటమే ఒక వార్త. ఫ్యాను కాస్త నెమ్మదిస్తే చాలు, వాడి మొహం సున్నం కొట్టినట్టయిపోయేది. కోట మొహం చూడకుండానే వాడికి మీసాలొచ్చేశాయి.

పెద్దయ్యాక డాక్‌లో క్రేన్ డ్రైవరయ్యాడు. కంటైనర్‌ని గాల్లో పాజ్ చేసి ఇంటికి ఫోన్ చేసేవాడు, "టీవీ ఎలుగుతోందా?" అని. పెళ్లిలో రెండు ముళ్లు వేసి, మూడో ముడి దగ్గర పురోహితుణ్ణి పాజ్ చేసి, మేడెక్కి టీవీ చూసొచ్చాడు. నమ్మకపోతే వాడి భార్య జ్యోతిరాణిని అడగండి. చెప్పదు, కొడుతుంది.

ఆ ఆటకున్న రెండో రిమోట్ వాళ్ల మామ్మ అమ్మన్నమ్మది. చిన్నప్పుడు వాడు ఆడుతుంటే నాన్న బెల్టు తీసేవాడు. ఒకరోజు మామ్మ వచ్చి వాడి పక్కనే చతికిలబడి రెండో రిమోట్ పట్టుకుంది. కన్నతల్లి మీదికి బెల్టు ఎలా ఎత్తుతాడు? అలా కూర్చున్న మనిషి, ఎనభై దగ్గరపడ్డా ఆ రిమోట్ వదల్లేదు.

మొన్న వేసవిలో ఆవిడకి గుండె ఆపరేషన్ అన్నారు, భవానీపూర్ ఆసుపత్రిలో. "నానెల్లను" అని భీష్మించుకున్న మనిషి, ఒక సాయంత్రం ఉన్నట్టుండి ఆట మధ్యలో లేచి టాక్సీ ఎక్కింది. తెరమీద ఆవిడ సిపాయి తాళ్ల వంతెన పట్టుకుని వేలాడుతున్నాడు. మూలన లైఫులు చూపించే ఎర్ర టోపీల్లో ఆవిడకి ఒక్కటే మిగిలింది. రమణబాబు పాజ్ నొక్కాడు.

ఇక చూడండి. ఇన్వర్టర్ మొత్తం టీవీకే. ఫ్యాన్లు బంద్. ఇల్లంతా ఇడ్లీపాత్రలా ఉడికిపోయింది. వాడు ఆసుపత్రికి పరిగెత్తడం, టీవీ ఎలా ఉందోనని మళ్లీ ఇంటికి పరిగెత్తడం.

"ఏటన్నయ్యా ఇది? ముసలావిడ అక్కడ, ఈయన ప్రాణం ఇక్కడ. నువ్వైనా చెప్పు" అంది జ్యోతిరాణి కొంగుతో విసురుకుంటూ.

"ఒరే పాజ్‌బాబూ, ఆపరేషన్ మామ్మకా, టీవీకా?" అన్నాను.

"నోర్ముయ్‌రా ఢిల్లీ. ముందు నీ ఫోన్ ఛార్జింగ్ తీసీ."

ఆపరేషన్‌కి ముందురోజు మధ్యాహ్నం కాలబైశాఖి గాలివాన విరుచుకుపడింది. ఆ గాలికి మా పాలవాడి గేదె హుగ్లీ మీదుగా ఎగిరి హౌరాలో దిగింది, ఫెర్రీ టికెట్ కూడా లేకుండా. కరెంటు పోయింది. ఇన్వర్టర్ కుయ్యో మొర్రో అని, కాసేపటికి అదీ పోయింది. టీవీ నల్లబడింది.

రమణబాబు నేలమీద కూలబడ్డాడు. "అయిపోయిందిరా."

"ఆటే కదరా!"

"నీకు తెలీదు. మామ్మ ఆపరేషనొద్దని ఏడ్చింది. ఎల్తే మరి రానని భయం. 'నీ సిపాయిని ఇక్కడే ఆపుంచుతాను, వచ్చి వంతెన దాటించు' అన్నాను. 'ఆరిపోనివ్వవు గదా?' అంది. ఒట్టేశాను. ఆ మాట మీదే టాక్సీ ఎక్కింది. రోజూ ఆరింటికి సిస్టర్ ఫోన్లో వీడియో కాల్ చేసి తెర చూపించమంటాది. ఈవేళ నల్ల తెర చూసిందంటే రేపు ఆపరేషన్ నేదు."

నేను గబగబా నా ఫోన్ ఛార్జర్ పీకేశాను. కరెంటు లేదని తర్వాత గుర్తొచ్చింది.

కరెంటు వచ్చేసరికి నాలుగు దాటింది. "మొదట్నుంచి ఆడీద్దాం. వాట్‌గంజ్ చాంపియన్‌ని, నేనున్నాను" అని రెండో రిమోట్ అందుకున్నాను. మొదటి గోతిలోనే పడ్డాను. పడ్డాననడం తప్పు, లోతు చూద్దామని దిగాను. ఇంకోసారి కూడా చూశాను.

"లే అన్నయ్యా" అని జ్యోతిరాణి రిమోట్ లాక్కుంది. పెళ్లయిన నాటి నుంచీ ఆ ఆటని తిట్టుకుంటూ వంటింటి గుమ్మంలోంచి చూస్తూనే ఉందేమో, ప్రతి గొయ్యీ ఆవిడకి కంఠతా వచ్చు. ఇద్దరూ ఊపిరి బిగబట్టి ఆడారు. వంతెన దగ్గరికొచ్చేసరికి ఆరయింది. సిపాయి పాత చోటే వేలాడాడు. పాజ్.

అప్పుడు చూశాను. మామ్మ వైపు నాలుగు టోపీలు!

"ఒరే, ఒక్కటే కదరా ఉండాలి. గబగబా గోతిలో దూకించీ!"

రమణబాబు రెండో రిమోట్ లాక్కుని ఒళ్లో దాచుకున్నాడు. "రేపు ఆపరేషన్ పెట్టుకుని, మామ్మ లైఫు నా చేత్తో తియ్యమంటావేటిరా?"

ఫోన్ మోగింది. వాడు ఫోన్‌ని టీవీ వైపు తిప్పాడు. మామ్మ కళ్లు చికిలించింది.

"ఆఁ, ఆడే ఉన్నాను... ఒరే రవణా, నాకొక్కటే గదా ఉండాల? నాలుగున్నాయేటి?"

జ్యోతిరాణి నా చెయ్యి పట్టుకుని గోళ్లు దింపింది. రమణబాబు నుదుటి చెమట తుడుచుకున్నాడు.

"ఆసుపత్రిలో చేరినోళ్లకి ఎక్కిస్తారే మామ్మా."

అటువైపు ఒక వేలు గాల్లో టోపీలు మళ్లీ లెక్కపెట్టింది. తర్వాత మామ్మ అంది, "ఆ ముక్క ముందే సెప్పొచ్చు గదరా! వొట్టినే బయపడి సచ్చాను."

ఆపరేషన్ బాగా జరిగింది. ఆవిడ ఇంటికొచ్చేదాకా కరెంటు పోలేదు. దానికి కారణం నేనేనని వీధిలో చాలామంది అనుకుంటున్నారు, నేను కాదనలేదు.

మామ్మ రిమోట్ చేతికి తీసుకుంది. వీధి వీధంతా గుమ్మంలో నిలబడింది. రమణబాబు పాజ్ తీశాడు. సిపాయి కదిలాడు, ఊగాడు, ఎగిరి నేరుగా అగాధంలోకి దూకాడు.

"ఓలమ్మో, సచ్చిపోయాను!" అంది మామ్మ మహా సంతోషంగా. "ఇంకా ఉన్నాయి గాని, ముందు అన్నం ఎట్టండర్రా, ఆకలేస్తంది."

రమణబాబు పాజ్ నొక్కాడు. జ్యోతిరాణి వాడికేసి చూస్తూ ఫ్యాను వేసింది. వాడు ఫ్యాను కిందికి జరిగి కూర్చున్నాడు.