నీళ్లు పడ్డాక మిగిలిన సగం కథ

బంగారు గనులు సర్కారు చేతికి వచ్చిన కొన్నేళ్లకు, చాంపియన్ రీఫ్స్ అనే గని ఊళ్లోని ఒక బడిలో తెలుగు సెక్షనుకు నన్ను అసిస్టెంటు మాస్టరుగా వేశారు. సెక్షనంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక గది, ఒక నల్లబల్ల, ఒక నేను. పిల్లలు చాలావరకు చిత్తూరు వైపు నుంచి గని పనికి వచ్చిన కుటుంబాలవాళ్లు. సంఖ్య పలచబడుతోందని, చదువు ఎలా ఉందో చూసి సెక్షను ఉంచాలో తీసెయ్యాలో రాయమని ఆ ఏడు ఇన్‌స్పెక్టరును పంపారు. తీసేస్తే పిల్లలకు ఇంటి భాష బళ్లో ఉండదు. నాకు మారికుప్పం స్టేషన్లో ఇంటికి రైలెక్కడమే గతి.

కథలో జరిగింది ఇతివృత్తం. జరిగినదంతా కలిసి ఏమంటోందన్నది మూలభావం. వ్యాసంలోనైతే వాదన, దాన్ని మోసే ఆధార వాక్యాలు. ఈ మాటలు పిల్లల తలకెక్కలేదు. ట్రైనింగులో నా తలకూ ఆలస్యంగానే ఎక్కాయి. వాళ్ల నాయనలు గనిలో పని మొదలుపెట్టేముందు ఇనుప కడ్డీతో పైబండను తట్టి చూస్తారు. ఖంగుమంటే గట్టి, లేకుంటే డొల్ల. జవాబులనూ అలాగే తట్టి చూడమన్నాను. అప్పటినుంచి ఆధారం లేని జవాబుకు పెన్సిలుతో బల్ల కొట్టి "డొల్ల" అనడం తరగతికి అలవాటైంది. ఎక్కువసార్లు ఆ గౌరవం నాకే దక్కేది.

ఇన్‌స్పెక్టరుగారు అపరిచిత గద్యం, అంటే పుస్తకంలో లేని భాగాలు చదివించారు. మొదటిది, రాగులు మెట్టకు తగిన పంట అనే వ్యాసం. తక్కువ వానకు తట్టుకుంటాయి, గింజ ఏళ్ల తరబడి నిలవుంటుంది, సంగటి అందరికీ ఇష్టం. వీటిలో వాదనను మోయనిది ఏదని అడిగారు. వెంకటేశు లేచాడు.

"సంగటి నాకూ ఇష్టమే సార్. అయితే నా ఇష్టం జూసి వాన పడదు గదా."

రెండోది కథ. ఊరంతా నవ్వుతుంటే ముసలి రైతు ఒంటరిగా బావి తవ్వుతాడు. నీళ్లు పడతాయి. నవ్వినవాళ్లే కడవలతో వస్తారు. అతను చేది పోస్తాడు. కష్టపడితే ఫలితం దక్కుతుందన్నదే మూలభావమని ఆయనే చెప్పేశారు.

రెండో వరసలో బల్ల మోగింది. గనిలో పైబండ కూలకుండా దుంగలు నిలబెట్టే టింబరు పనిచేసే మునిరత్నం కూతురు నాగమ్మ. "డొల్ల సార్" అంది. ఇన్‌స్పెక్టరు పక్కనే కూర్చున్న హెడ్మాస్టరు నా వైపు చూశారు. నేను మనసులో పెట్టె సర్దుకున్నాను.

"ఎందుకమ్మా?" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు.

"కష్టం గురించే అయితే నీళ్లు పడినప్పుడే కత అయిపోవల్ల గదా సార్. ఇంగా సగం ఉండాది."

"ఆ సగం ఏమంటోంది?"

"గెలిచినోడు ఎట్లుండల్లో అంటాండాది. ఇదో, ఈడ." వేలు పెట్టి చదివింది: అందరికంటే ఎక్కువ నవ్వినవాడి కడవనే అతను ముందు నింపాడు.

ఆయన కాగితం తీసుకుని ఆ భాగం మళ్లీ చదువుకున్నారు. తను నీళ్ల దగ్గరే ఆగిపోయానని ఒప్పుకుని, సెక్షను ఉంచాలని అక్కడే కూర్చుని రాశారు. ఆ సాయంత్రం నేను కాస్త పొడుగ్గా నడిచాను. నా ఎత్తుకు అది విశేషమే.

నేను నేర్చుకున్నది ఇది: పిల్లలకు ఆధారం అడగడం నేర్పేటప్పుడు, ఎవరిని అడగకూడదో చెప్పే జాబితా పక్కన పెట్టకూడదు. ఆ జాబితాలో మన పేరు రాసుకోవాలనిపించినప్పుడు మరీను.